నేను తినలేదండి, వాడు తాగాడు

2022. అమలాపురంలో మా ల్యాబ్ పొద్దున్న ఆరున్నరకే తెరుస్తాం. రక్తం తీయడం, ట్యూబుల మీద పేర్లు రాయడం నా పని. ఇంటర్‌తో చదువు ఆగిపోయినా అంకెలంటే నాకు పిచ్చి. తరచూ వచ్చేవాళ్ల ఫలితాలు ఒక నోటుబుక్కులో వరసగా వేసుకుంటాను. ఏ అంకె అయినా దారి తప్పితే ముందు మా పొరపాటేమోనని వెతుకుతాను.

జ్యోతి నాలుగేళ్లుగా ఆ పుస్తకంలో ఉంది. కొత్తపేట దగ్గరి ఊరు. ఆమెకు పీసీఓఎస్. అండాశయాల జబ్బుగా పేరుపడినా, చాలామందిలో ఇన్సులిన్ కూడా సరిగా పనిచేయదు. చక్కెరను అదుపులో ఉంచడానికి ఒళ్ళు దాన్ని ఎక్కువెక్కువగా తయారుచేస్తుంది. జ్యోతి ఫాస్టింగ్ ఇన్సులిన్, అంటే పరగడుపున తీసిన లెక్క, పదికి అటూ ఇటూ ఉండాల్సింది, ఎన్నడూ ఇరవై రెండుకు తగ్గలేదు.

బాబు పుట్టిన మూడో నెలలో అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది.

"రాత్రి నుంచి ఏమీ తినలేదు కదమ్మా?"

"నేను తినలేదండి. వాడే, రాత్రంతా తాగుతూనే ఉన్నాడు."

"ఏం తాగడమండీ, ఉంటే కదా!" అంది అత్తగారు. "పొద్దస్తమానం చప్పరింపే. డబ్బా పాలు పట్టమంటే వినదు. ఈ రిపోర్టు వచ్చాక పాలు మాన్పించేసి, దీని మాత్రలు మళ్లీ మొదలెట్టించేత్తాం."

"బరువు బాగానే పెరుగుతున్నాడన్నారు కదత్తయ్యా, పిల్లల డాక్టరుగారు," అని జ్యోతి నెమ్మదిగా అంది. చెయ్యి చాపాక నాతో మాత్రం, "ఆరేళ్లకి గాని బిడ్డనివ్వలేదండి ఈ ఒళ్ళు. పాలూ అంతే. దేనికీ పనికిరాదు," అంది.

ఆ మధ్యాహ్నం వచ్చిన అంకె ఎనిమిది.

ట్యూబ్ మారిపోయిందనుకున్నాను. మెషీన్‌కు కంట్రోల్ పెట్టాను. కంట్రోల్ అంటే విలువ ముందే తెలిసిన నమూనా. అది సరిగ్గానే వచ్చింది. అయినా మనసొప్పక మర్నాడు మళ్లీ రమ్మన్నాను.

"మా పిల్ల రక్తమంతా మీకే పోసేత్తామా మేడంగారూ?" అంది అత్తగారు.

ఈసారి జ్యోతి కళ్లెదుటే ట్యూబ్ మీద పేరు రాశాను. తొమ్మిది వచ్చింది. మందులు వాడటం లేదు. బరువు చూస్తే, కడుపు రాకముందుకంటే రెండు కిలోలే తక్కువ; దానికే ఇంత తగ్గదు.

రెండు రిపోర్టులూ పట్టుకుని మా డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ నవ్వి, "పాలలో తీపి ఎక్కడిదనుకున్నావు? రక్తంలోని చక్కెరతోనే తయారవుతుంది. పాల గ్రంథులు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే దాన్ని లాగేసుకుంటాయి. అందుకే ఒంటికి తక్కువ ఇన్సులిన్ సరిపోతుంది. అందరిలోనూ ఇంతలా తగ్గదు. పాలు మానాక మళ్లీ పెరగొచ్చు కూడా," అన్నారు.

నాలుగేళ్లలో ఏ మందుకూ ఇంతగా లొంగని అంకెను, పళ్లైనా రాని పసివాడు దించాడు.

డాక్టరమ్మగారన్నది ఇద్దరికీ చెప్పి, పుస్తకం జ్యోతి ముందు తిప్పిపెట్టాను. పై నుంచి కిందికి వేలితో చూసుకుంటూ వెళ్లి ఎనిమిది దగ్గర ఆగింది. "ఇది నాదేనాండీ?"

"నీదే. రెండుసార్లు చూశాను."

"అయితే ఆడు ఊరికే చప్పరించట్లేదన్నమాట!" అంది అత్తగారు.

"ఆయ్," అని తలూపాను.

డబ్బా మాట మళ్లీ రాలేదు. ఏడాది దాటాక బాబు పాలు మానేశాడు. ఆ తర్వాత మూడు నెలలకు చూస్తే పదిహేను. రిపోర్టు ఇవ్వడానికి నేనే జంకాను. జ్యోతి చదువుకుని, "వాడి పని వాడు చేసేశాడండి. ఇంక నేను నడవాలి," అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఒంటిని తిట్టుకోలేదు.

ఇన్నేళ్లూ ఫాస్టింగ్ అంటే లోపలికి ఏం వెళ్లిందనే అడిగేదాన్ని. బయటికి వెళ్లేదానికి మా ఫారంలో గడి లేదు. ఇప్పుడు బాలింతలు వస్తే స్కేలు పెట్టి ఒక గడి గీస్తాను: బిడ్డ చివరిసారి ఎప్పుడు తాగాడు? అంకె మరీ తక్కువొస్తే, మెషీన్‌ను అనుమానించే ముందు ఆ గడి చూస్తాను.