ఇమామ్ హుస్సేన్ మిగిల్చిన స్క్రూ

మూత కనబడితే ఇమామ్ హుస్సేన్ చెయ్యి ఊరుకోదు. లోపల ఏముందో చూడాలి. కావలి బస్టాండు వెనక జీపులు బాగుచేసే రోజుల్లోనే ఈ జబ్బు ముదిరింది. పెళ్లయిన వారానికి భార్య షహర్బాను కుట్టుమిషనును విప్పి పరుపు మీద పరిచేశాడు. అది ఆమె జాకెట్లు కుట్టి సంపాదించుకున్న మిషను. ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడింది. తిరిగి బిగించాక మిషను నడిచింది గానీ ఒక స్క్రూ మిగిలిపోయింది.

"అది అక్కర్లేని స్క్రూలే" అన్నాడు ధీమాగా, నూనె డబ్బా వంచి ప్రతి కీలుకూ ధారగా పోస్తూ.

"నూనె పోసినాక తుడవాల గదా బావా. లేకుంటే దుమ్మంతా దానికే అంటుకుంటాది" అంది షహర్బాను. స్క్రూను కొంగున ముడేసుకుంది. మేనత్త కొడుకే కాబట్టి అతని సంగతి ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అతను మాత్రం వినలేదు. నూనె ఎక్కువైతే ఇనుము చెడిపోతుందని చెప్పిన మనిషి అతనికి అంతవరకూ తగల్లేదు మరి.

ఆ తర్వాత రెండు నెలలకే దుబాయ్ వచ్చాడు. దుబాయ్ అంటే షార్జా ఇండస్ట్రియల్ ఏరియా, అందులో అబూ సాలెం గ్యారేజీ. గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటరు చేతికిస్తే చాలు, చెవి దగ్గర పెట్టుకుని విన్నట్టే దాని రోగం చెప్పేవాడు. పేరొచ్చింది. మూడేళ్లు గడిచాయి. షహర్బానును విజిట్ వీసా మీద తెచ్చుకోవాలని ఒకటే ఆరాటం. దానికి కఫీల్, అంటే వీసాకు పూచీ ఉండే యజమాని, సంతకం కావాలి. అడిగిన ప్రతిసారీ అబూ సాలెం "ఇన్షా అల్లా" అనేవాడు, ఫైలు మాత్రం కదిలేది కాదు.

ఇంతలో అబూ సాలెం జర్మనీ కారు కొన్నాడు. చూడముచ్చటగా ఉంది. కాకపోతే ఖోర్ ఫక్కాన్ దారిలో కొండ ఎక్కేటప్పుడు ఏసీ వేస్తే చాలు, నీరసపడిపోతోంది.

"ముందు నా బండిని కొండ ఎక్కించు ఇమామ్. తర్వాత నీ బేగం సంగతి చూద్దాం" అన్నాడు తాళాలు ఇస్తూ.

బానెట్ ఎత్తిన ఇమామ్ హుస్సేన్ బిత్తరపోయాడు. కార్బురేటరే లేదు. గాలి వడపోసే డబ్బాకూ ఇంజనుకూ మధ్యన నల్లటి పెట్టె ఒకటుంది. దాని మూతను జిగురుతో అంటించి పంపారు. తెరవొద్దని చెప్పడానికే ఆ జిగురు. కానీ ఇతనికి అది రమ్మని పిలుస్తున్నట్టే ఉంది.

పక్కన రంగులు వేసే భోజన్న గమనించాడు. జగిత్యాల దిక్కు మనిషి, భయస్తుడు.

"ఇమామ్ భాయ్, గా డబ్బ జోలికి పోకు. గది ఖరాబైతే నీ బీబీ ఇటు రాదు, నువ్వే అటు పోతవ్."

"చూసి మూసేస్తా భోజన్నా, అంతేలే."

బ్లేడుతో జిగురు కోసి మూత లేపాడు. పెట్టె కింది భాగంలో గాలి వచ్చే దారికి అడ్డంగా చిన్న రేకు తలుపుంది. ఇంజను గాలి పీలిస్తే అది తెరుచుకుంటుంది, స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. తలుపు ఎంత తెరిస్తే అంత గాలి వచ్చిందని లెక్క, ఆ లెక్కను బట్టి ఇంజనులోకి పెట్రోలు పడుతుంది. పైన పళ్లచక్రం తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది, లేదా వదులవుతుంది. అతను వేలితో తలుపును తోసి వదిలాడు, మళ్లీ తోశాడు. పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోయింది. ఆ పూట అతనికున్నంత సంతోషం ఏ షేకుకూ ఉండి ఉండదు.

చక్రం మొదట ఎక్కడుందో గీత గీసుకున్నాడు. ఒక పన్ను వదులు చేసి ధైద్ రోడ్డులో తోలి చూశాడు. ఇంకాస్త వదులు చేస్తే పెట్రోలు ఎక్కువై నల్లపొగ వచ్చింది. వెనక్కి తిప్పాడు. అలా తిప్పీ తిప్పీ చివరికి, ఏసీ వేసినా కారు పరుగందుకునే చోటు పట్టుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? తలుపు కీలుకు రెండు వైపులా నూనె పోసి మరీ మూత అంటించాడు.

ఆ వారమంతా వడపోతకూ ఆగనంత సన్నటి ఇసుకగాలి. శుక్రవారం అబూ సాలెం అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని కొండదారి పట్టాడు. సగం ఎక్కాక కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

అబూ సాలెం దిగి తలుపు ధడాలున వేశాడు. "ఖలాస్. డబ్బా తెరిచావు కదా? నీ బేగం అక్కడే ఉంటుంది."

ఇమామ్ హుస్సేన్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మూత తెరిచినందుకు జీవితంలో మొదటిసారి తనను తాను తిట్టుకున్నాడు. అయినా లోపల ఏమైందో చూడకుండా ఎలా? గొట్టం ఊడదీసి రేకు తలుపును వేలితో తోశాడు. తెరుచుకుంది గానీ వెనక్కి రాలేదు. వేలు బయటికి తీస్తే కొసన జిడ్డుగా, గరగరలాడే బురద.

దుమ్మంతా దానికే అంటుకుంటాది.

షహర్బాను మాట చెవిలో వినబడింది. గబగబా బనియన్ విప్పి పెట్రోలులో తడిపి, కీలు పొడిబారేదాకా తుడిచాడు. తలుపు టక్కున వెనక్కి వచ్చింది. కారు స్టార్టయింది. ఏసీ నిండుగా పెట్టుకుని, ఒక్క దగ్గు లేకుండా కొండ కొసకు చేరింది.

"ఏం చేశావు?" అడిగాడు అబూ సాలెం.

"నా భార్య చెప్పింది చేశాను సాబ్."

"అయితే ఆమెనే పిలిపిద్దాం" అని నవ్వాడు అబూ సాలెం. ఆదివారం సంతకం పెట్టాడు.

షహర్బాను అదే కారులో విమానాశ్రయం నుంచి గదికి వచ్చింది. దుప్పటి మూట విప్పితే కుట్టుమిషను తలకాయ బయటపడింది. కొంగుముడి విప్పి స్క్రూ అతని చేతిలో పెట్టింది.

"ఈ మిషను మూడేండ్లుగా వణుకుతానే కుడతాండాది. ఈసారి ఏదీ మిగలకుండా బిగించు."

అది ఎక్కడిదో ఇమామ్ హుస్సేన్‌కు చూడగానే తెలిసిపోయింది. బిగించాడు. ఏమీ మిగల్లేదు. అలవాటు కొద్దీ నూనె డబ్బా అందుకుని, రెండు చుక్కలు వేసి, ఆగి ఆమె వైపు చూశాడు.

షహర్బాను చేతిలో పాతగుడ్డ అప్పటికే సిద్ధంగా ఉంది.