సున్నపు తేట

రామకోటేశ్వరరావు మాస్టారికి కోపం తెప్పించడానికి పెద్ద అల్లరేం చెయ్యక్కర్లేదు. "పుస్తకంలో అలాగే ఉంది సార్" అంటే చాలు. కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కుతుంది. "పుస్తకం రాసినాయన మన క్లాసుకొచ్చి చూశాడా? నువ్వు చూసింది చెప్పవయ్యా!" అని గోడలు అదిరేలా అరుస్తారు.

కంకిపాడుకి నాలుగు కిలోమీటర్ల అవతలున్న హైస్కూల్లో ఆయన సైన్సు చెప్పబట్టి ఇరవై ఆరేళ్ళు. లేబొరేటరీ అంటే తలుపు సరిగ్గా పడని ఇనప బీరువా. లిట్మస్ కాగితాలు రాలేదని ఆయన ఏనాడూ దిగులుపడలేదు. మందారప్పువ్వు నలిపి కాగితాలకి పూస్తారు. పసుపు నీళ్ళలో సబ్బు నురగ వేసి, అవి ఎర్రబడగానే "ఇదిగో, క్షారం దొరికిపోయింది" అంటారు, దొంగని పట్టుకున్నంత సంబరంగా. ఇంట్లో వంట సోడా కనబడకపోతే ఆయన భార్య ఛాయాదేవి డబ్బాలు వెతకదు, నేరుగా బడికి ఫోన్ చేస్తుంది.

ఆ క్లాసులో ఒక ఆచారం ఉంది. ప్రయోగం అయ్యాక నోటుబుక్కులో మూడు ఉండాలి: పైన తేదీ, మధ్యలో కంటికి కనబడింది, కింద సంతకం. తేదీ లేకపోతే ఎంత ముత్యాల్లా రాసినా ఆ పుస్తకం వెనక్కి వచ్చేస్తుంది. "తేదీ లేని మాట గాలి మాట" అనేది ఆయన సొంత సామెత. పెద్దవాళ్ళు చెప్పిందే అని ఆయన దబాయిస్తారు గానీ, ఏ పెద్దవాళ్ళో ఇంతవరకు చెప్పలేదు.

ఈ ఏడాది జూలైలో ఏడో తరగతి ఎ సెక్షనుకి శ్వాస పాఠం వచ్చింది. మనం వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉందని చూపించాలంటే సున్నపు తేట కావాలి. సున్నం నీళ్ళలో కలిపి, అడుగుకి దిగాక పైన మిగిలే తేట నీరు అది. అందులోకి గొట్టంతో ఊదితే తెల్లబడుతుంది. ఏటా మాస్టారు పాఠానికి ముందు రోజే కొత్త సున్నం తెచ్చి తేట తీస్తారు. ఈసారి విజయవాడలో ఐదు రోజుల ట్రైనింగు ముగించుకుని సరిగ్గా పాఠం రోజునే తిరిగొచ్చారు. బీరువాలో నిరుటి సీసా కనబడింది. మూత పగిలి ఉంది. వెలుతురికి ఎత్తి చూస్తే నీరు మాత్రం తేటగానే ఉంది. "ఆఁ, ఏం కాదులే" అనుకున్నారు. పిల్లల దగ్గర ఆయన సహించని మాట అదే.

వరసకో గ్లాసు పెట్టి, కొబ్బరిబొండాల బండి దగ్గర అడిగి తెచ్చిన స్ట్రాలు పంచి, "ఊదండి, పీల్చకండి" అని చెప్పారో లేదో, అటెండరు వచ్చాడు. యాప్‌లో హాజరు ఎక్కడం లేదు, హెడ్మాస్టారు రమ్మంటున్నారట. "చూసింది రాయండి, ఇప్పుడే వస్తా" అని వెళ్ళిన మనిషి, సిగ్నలు కోసం మేడ ఎక్కి దిగి వచ్చేసరికి గంట కొట్టేశారు. పిల్లలు పుస్తకాలు బల్ల మీద పేర్చి వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇంట్లో టీ తాగుతూ దిద్దడానికి కూర్చున్నారు. 'తేట పాలలాగా మారింది.' రైటు. 'పాలలాగా మారింది.' రైటు. చెయ్యి తనంతట తనే పోతోంది. ముప్ఫయ్యో పుస్తకం దాటాక గంగాదేవిది వచ్చింది. వాళ్ళమ్మ సన్యాసమ్మ కంకిపాడు మార్కెట్లో చేపలమ్ముతుంది. రెండేళ్ళ కిందట బందరు వైపు నుంచి వచ్చారు. ఆ పిల్ల నోరు విప్పి ఒక ప్రశ్న అడగడానికే ఏడాదిన్నర పట్టింది. ఈ మధ్యే చెయ్యెత్తడం మొదలుపెట్టింది.

'చాలాసేపు ఊదాను. తేట మారలేదు. మళ్ళీ ఊదాను. మారలేదు.' పైన తేదీ, కింద సంతకం.

సరిగ్గా ఊదలేదు కాబోలు అనుకున్నారు మాస్టారు. ఎర్ర పెన్నుతో తప్పు కొట్టి, 'పాఠం మళ్ళీ చదువు' అని రాశారు. టీ చల్లారిపోతోందని గబగబా మిగిలినవి ముగించారు.

మర్నాడు పొద్దున పుస్తకాలు తిరిగిచ్చేసి, అదే సీసాతో బి సెక్షనుకి వెళ్ళారు. ఈసారి దగ్గరే నిలబడ్డారు. పిల్లలు ఊదారు. ఏమీ అవలేదు. ఆయనే గొట్టం అందుకుని బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదారు. బుడగలొచ్చాయి గానీ తేట తేటగానే ఉంది. సీసా ఎత్తి అడుగు చూశారు. తెల్లగా పొర కట్టింది. మన ఊపిరి నిమిషంలో చేసే పనిని, పగిలిన మూతలోంచి దూరిన గాలి ఏడాదిపాటు నిదానంగా చేసేసింది. ఆ తేటలో ఇంక సున్నం లేదు.

అంటే నిన్న ఎ సెక్షన్లో ఒక్క గ్లాసు కూడా తెల్లబడలేదు. ముప్ఫై ముగ్గురు గైడులో ఉన్నది రాశారు. చూసింది రాసిన ఒక్కదానికి తను తప్పు కొట్టారు. 

విరామంలో గంగాదేవిని పుస్తకం తెమ్మన్నారు. ఆ తప్పు గుర్తు తీసేసి రైటు కొట్టాలని ఆయన తొందర. తీరా పేజీ తెరిస్తే, పిల్ల రాసిన మాటల మీద మందంగా వైట్‌నర్ పూసి ఉంది. మొత్తం ఆ ప్రయోగంలో తెల్లబడింది అదొక్కటే. దాని మీద గుండ్రటి అక్షరాలతో, 'తేట పాలలాగా మారింది.'

"ఇదేంటమ్మా?"

"పాఠం మళ్ళీ చదివాను సార్."

"సరే, నువ్వు చూసిందేంటి?"

పిల్ల పుస్తకం వైపు చూడలేదు. ఆయన మొహంలోకి చూసింది, అక్కడేదో రాసి ఉన్నట్టు. "పాలలాగా మారింది సార్" అంది.

ఇరవై ఆరేళ్ళుగా గొంతు చించుకుని చెప్పినదాన్ని ఒక్క ఎర్ర గీతతో తనే చెరిపేశారు. ఆయనకి నిజంగా సిగ్గేసింది. సీసా ఆమె చేతికిచ్చారు. అటూ ఇటూ తిప్పి చూసి, గంగాదేవి గొంతు తగ్గించి అంది: "మూత పగిలింది సార్. మా నాయనమ్మ ఆకువక్కలోకి పెట్టుకునే సున్నపు కాయ మూత బిగించకపోతే తిడుద్ది. గాలి తగిల్తే సున్నం చచ్చిపోద్దంట."

"మరి నిన్న చెప్పలేదేం?"

"అందరూ తెల్లగా అయిందని రాశారు కద సార్."

ఆ సాయంత్రం మాస్టారు మార్కెట్లో సున్నం కొని ఇంట్లో నానబెట్టారు. సోమవారం రెండు సీసాలతో ఎ సెక్షనుకి వచ్చి, వరసకి రెండేసి గ్లాసులు పెట్టారు. ఏ సీసాలో ఏముందో చెప్పలేదు. "ఊదండి, చూడండి, రాయండి" అన్నారు. ముప్ఫై నాలుగు జతల కళ్ళూ ముందు ఆయన మొహం వైపే తిరిగాయి. గంగాదేవివి కూడా.

మాస్టారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. "నా మొహం మీద జవాబుండదు. గ్లాసులు చూడండి" అన్నారు. వెనకాల బుడగల చప్పుడు వినబడింది. ఎవరో "అమ్మో, తెల్లగా అయిపోయిందిరా!" అని కేక పెట్టారు. తర్వాత చాలాసేపు కలాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. పిరియడు సగం గోడ మీద పెచ్చులు లెక్కపెడుతూ గడిపారాయన.

తర్వాత గంగాదేవి పుస్తకం అడిగి చదివారు. 'మొదటి గ్లాసు తెల్లగా అయింది. రెండోది అవలేదు. రెండో సీసా మూత పగిలి ఉంది.'

ఆ మూడు వాక్యాలూ క్లాసంతటికీ పైకి చదివి వినిపించారు. మొన్నటి తేట చచ్చిపోయిందని, చూడకుండా రైట్లు కొట్టింది, చూసిన పిల్లకి తప్పు కొట్టింది తనేనని, ఈ ప్రయోగంలో తనకి సున్నా మార్కులని చెప్పారు. కొందరు నవ్వారు. చాలామంది బల్లల కింద ఏదో పడిపోయినట్టు వంగారు. ఆయన పేజీ వెనక్కి తిప్పి, ఆ వైట్‌నర్ కింద రాశారు: 'ఈ అమ్మాయి మొదట రాసిందే నిజం. తప్పు నాది.' సంతకం పెట్టి పుస్తకం ఇచ్చేశారు.

గంగాదేవి బెంచీ దాకా వెళ్ళి, చదువుకుంది. కూర్చోలేదు. తిరిగొచ్చి పుస్తకం చాపింది.

"ఏమ్మా?"

"తేదీ వెయ్యలేదు సార్."

 మాస్టారి కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కింది. ఆ పిల్ల ఈసారి ఆయన మొహం వైపు చూడటం లేదు. వేలు ఆ సంతకం పక్కన పెట్టి, పేజీ వైపే చూస్తోంది. ఆయన కళ్ళజోడు దించుకుని, పెన్ను తీసి, తేదీ వేశారు.