ఆషాఢంలో సోడా పడవ

మద్యనిషేధం గట్టిగా నడుస్తున్న రోజుల్లో, సాయంకాలం పడవ షికారు, పైగా దారి పొడుగునా తాగడానికి ఇస్తారు అంటే ఎవడైనా చుట్టూ చూసి గొంతు తగ్గించి వివరాలు అడుగుతాడు. మా నెల్లూరు సైకిల్ షాపులో నలుగురు అడిగారు. వాళ్ల ఆశ మీద నేనే నీళ్లు చల్లాను. పడవ పెట్టింది గూడూరు సోడా షాపు మస్తానయ్య. అతని దగ్గర దొరికేది నిమ్మకాయ సోడా, అల్లం సోడా, ఆ రెండూ అయిపోతే ఉత్త సోడా.

బకింగ్‌హాం కాలవ మీద ఉప్పూ సరుగుడు కట్టెలూ మోసే పడవనొకదాన్ని అతను ఆదివారాలు బాడుగకు తీసుకుంటాడు. వాకాడు అవతల రేవులో జనాన్ని ఎక్కించుకుని దుగరాజపట్నం చూపించి తెస్తాడు. చెన్నపట్నం ఇంకా ఇసుకదిబ్బగా ఉన్నప్పుడే ఇంగ్లీషువాళ్లు ఓడలు ఆపి సరుకు దించుకున్న పాత పట్నం అది. మనిషికి రూపాయి, సోడాలు అందులోనే.

నేను పాత పట్నం కోసం పోలేదు. మా అక్క కూతురు సుగుణ నోట ఒక్క మాట చెప్పించడానికి పోయాను.

సుగుణకు వైశాఖంలో పెళ్లయింది. ఆషాఢం రాగానే ఆనవాయితీ ప్రకారం కొడవలూరు పుట్టింటికి తెచ్చుకున్నారు. కొత్త అల్లుడు ఆ నెలంతా అత్తగారి గడప తొక్కకూడదు, కొత్త దంపతులు ఒక కప్పు కింద ఉండకూడదు. సరిగ్గా అప్పుడే అల్లుడు రమణకు మధ్యప్రదేశ్‌లో ఎక్కడో ఉక్కు కార్ఖానాలో ఉద్యోగం వచ్చింది. సోమవారం సాయంత్రంలోగా మద్రాసుకు పోయి అక్కడి ఆఫీసులో ఔననో కాదనో చెప్పాలి. గూడూరు నుంచి నా షాపుకు వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"సుగుణ వస్తానంటే పోతా చిన్నాయనా. రానంటే ఈడనే రైసుమిల్లులో ఉండిపోతా. ఆ మాట ఆమే చెప్పాల. పెద్దోళ్లు చెప్తే అది పెద్దోళ్ల మాట అవతాది."

ఆరో తరగతితోనే బడికి నా పీడ వదిలింది గానీ, ఇలాంటి లెక్కలు నాకు బాగానే వస్తాయి. గడప లేని చోటు కావాలి. పడవకు గడప ఉండదు. మరి సుగుణను ఇంట్లోంచి బయటికి తేవడం ఎలా? వాళ్ల అవ్వ వెంట లేనిదే ఆ పిల్ల వీధి మలుపు కూడా తిరగదు. ఆ అవ్వ మా అక్కకు అత్తగారు, కాబట్టి నాకూ అత్తే. ఆమెకు గోలీసోడా అంటే ప్రాణం. గోలీ టప్పుమన్న చప్పుడు వింటే డెబ్బై ఏళ్ల మనిషి చిన్నపిల్లలా మెడ సాచి చూస్తుంది.

"ఎన్ని తాగినా అంతేనా? ఇంకా అడగరా?" అని మూడుసార్లు అడిగి ఒప్పుకుంది.

ఆదివారం పొద్దున కొడవలూరు స్టేషన్లో ప్యాసింజరు ఎక్కాం. ఆలస్యంగా వచ్చింది, ఆలస్యంగానే పోయింది, ఆ విషయంలో మాట తప్పలేదు. కిటికీ పక్కన కూర్చున్న సుగుణకు విషయం మొత్తం తెలుసు. నెల్లూరు దాటేదాకా ఆ పిల్ల పమిట కొస చుట్టడం, విప్పడం తప్ప ఏమీ చేయలేదు. అవ్వ నా వైపు అనుమానంగా చూసింది.

"ఏందిరా, పిల్ల సోడాకు పోయేదానిమాదిరి లేదే?"

"పడవంటే భయమత్తా."

"నేనుండాను గదా, భయమెందుకే?" అని మనవరాలి భుజం తట్టింది. అసలు భయం అదేనని నేను చెప్పలేదు.

పన్నెండున్నరకు గూడూరు. స్టేషను ఎదుటి వీధిలో భోజనం చేశాం. చేపల పులుసు బాగుంది, వడ్డించేవాడి మొహమే పులుసు కంటే పుల్లగా ఉంది. మార్కెట్లోంచి నిమ్మకాయల బస్తాల వాసన బస్సు దాకా వెంట వచ్చింది. కోట అనే ఊరి మీదుగా పోయే వాకాడు బస్సు రెండింటికి కదిలింది. సీట్లు దొరికాయి గానీ కాళ్ల కింద ఒక కోళ్లగంప కూడా దొరికింది. వాకాడులో దిగి, రేవు దాకా ఎద్దుబండి మాట్లాడుకున్నాం. ఈ దారిన పోయేవాళ్లు బండివాడు మొదట చెప్పిన బాడుగ వినగానే నవ్వాలి. వాడూ నవ్వి సగం చెబుతాడు.

నాలుగున్నరకు రేవులో పడవ సిద్ధంగా ఉంది. వెనక సగానికి తాటాకు గూడు, ముందు సగం బయలు. గట్టు మీద ఇద్దరు మనుషులు లాగుడు తాడు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. మాకంటే ముందే నెల్లూరు నుంచి వచ్చిన మిషన్ స్కూలు మాస్టారు, ఆయన భార్య టీచరమ్మ గూటి కింద చాప మీద కూర్చున్నారు. పడవ ముందుభాగాన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు రమణ.

అవ్వ ఆగిపోయింది.

"ఈడు ఈడెందుకుండాడు?"

"సోడా తాగేదానికి వచ్చినాడేమో అత్తా. వాళ్ల ఊరు గూడూరే గదా."

"ఒరే, నువ్వు సైకిళ్లకు ప్యాచీలు ఏసుకో, నాకెయ్యబాక. ఆషాఢంలో మొగుడూ పెండ్లాం ఒక ఇంట్లో ఉండచ్చునా?"

"ఇది ఇల్లెట్టయితాది? దీనికి గడప యాడుందో చూపించు."

అవ్వ నిజంగానే పడవ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. గడప లేదు. గూటి దగ్గర ఆమె చూపు ఆగింది. చేత్తో తాటాకును తట్టి చూసింది.

"కప్పుండాది గదా. కప్పుంటే ఇల్లే."

తీర్పు అయిపోయింది. రమణ ముందు బయల్లో, సుగుణ గూటి కింద, ఇద్దరి మధ్య గూటి అంచున అవ్వ, ఆమె ముందు సోడాల పెట్టె. అంతకంటే గట్టి సరిహద్దు ఏ సర్కారూ కట్టలేదు. రమణ నా వైపు దీనంగా చూశాడు. వచ్చేటప్పుడు చూద్దాంలే అని చేత్తో సైగ చేశాను.

పడవ కదిలింది. తాడు బిగుసుకున్నప్పుడు దాని మీంచి నీటిచుక్కలు వరసగా రాలాయి. రెండు పక్కలా ఇసుకదిబ్బలు, సరుగుడు తోటలు, అక్కడక్కడ ఎండుచేపలు ఆరేసిన పందిళ్లు. నీళ్లు కదలవు, పడవ కదిలినట్టే తెలియదు, గట్టే మెల్లగా వెనక్కి నడుస్తున్నట్టుంటుంది. మస్తానయ్య ఒక్కో సోడా కొట్టి చేతికిస్తూ చరిత్ర మొదలుపెట్టాడు. మద్యనిషేధం ఉన్న ఆ పడవలో మత్తు ఎక్కించేది అతని చరిత్ర ఒక్కటే.

"ఈ కాలవ ఎంట తెల్లదొరలు మేజోళ్లు తడవకుండా వచ్చినారు సార్. అప్పుడు ఈడ కోట, ఫిరంగులు, రాత్రిపూట డ్యాన్సులు!"

"అప్పటికి ఈ కాలవ తవ్వలేదయ్యా," అన్నారు మాస్టారు మెల్లగా.

"అందుకే గదా సార్ నడిచొచ్చినారు!" అని మస్తానయ్య ఇంకో సోడా కొట్టాడు.

అవ్వ రెండో సోడా దగ్గర ఉంది. సీసా ఎత్తి, గోలీ అడ్డం రాకుండా నాలుక పక్కకు పెట్టి, కళ్లు మూసుకుని తాగుతుంది. ఆ కళ్లు మూసుకున్నంతసేపే రమణ, సుగుణ ఒకరినొకరు చూసుకున్నారు. సీసా దించగానే ఒకడు ఆకాశం వైపు, ఇంకొకతె నీళ్ల వైపు.

అయిదున్నరకు దుగరాజపట్నం. రేవు నుంచి ఇసుకలో కాస్త నడక. మనసు విప్పి చెబుతున్నాను, కోటను చూడాలని పోయేవాళ్లు కోటను ఇంటి నుంచే తెచ్చుకోవాలి. పాత ఇటుకలు కొన్ని, జాలరి గుడిసెలు, ఆరేసిన వలలు, వాటికవతల సముద్రం. అయినా ఒక ఇటుకను చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. ఎవరో సముద్రం దాటి వచ్చి, ఇక్కడే ఉండిపోదామనుకుని పేర్చినది. తరవాత లేచి చెన్నపట్నం పోయారు. ఊళ్లు కూడా ఉద్యోగం మారతాయి కాబోలు.

రమణ ఇసుకలో రెండుసార్లు సుగుణ పక్కకు చేరబోయాడు. రెండుసార్లూ అవ్వ మధ్యలోకి వచ్చింది. మూడోసారి అతను నోరు తెరవబోతే మస్తానయ్య భుజం పట్టుకుని, "ఓడ యాడ నిలబడిందో చూపిస్తా రాన్నా," అని లాక్కుపోయాడు.

ఆరుంబావుకు తిరుగుప్రయాణం. నైరుతి మూల సూళ్లూరుపేట వైపు నల్లబడింది. రేవుకింకా సగం దారి ఉందనగా గాలి తిరిగి, ఆ వెనకే వాన దిగింది. మాస్టారు, మస్తానయ్య, నేను, సోడాపెట్టె, అందరం గూటి కిందికి చేరాం. రమణ ఒక్కడే ముందు కూర్చుని తడుస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"అయ్యో, ఆ అబ్బాయిని లోపలికి పిలవండమ్మా, జ్వరం వస్తాది," అంది టీచరమ్మ.

"ఆషాఢం తల్లీ," అంది అవ్వ.

"మాకు ఆషాఢం లేదమ్మా. మా పక్కకు రమ్మనండి, మావాడని చెబుతాం."

అవ్వ సోడాపెట్టెను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. నేను గొడుగు తెరిచి రమణ వైపు సాచాను. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"గొడుగు గూడా కప్పే గదా చిన్నాయనా! అవ్వ నియమం చెడిపోతాది!"

అవ్వ వాడి వైపు చూసింది. వెటకారమా, మర్యాదా అని వెతికింది. వాడి మొహం మీద వాన తప్ప ఏమీ కనపడలేదు.

అప్పుడు సుగుణ లేచింది. పమిట నడుముకు చుట్టి, సోడాపెట్టె దాటి, గూటి అంచు కింద తల వంచింది.

"యాడికే?" అంది అవ్వ.

"బయటికవ్వా. బయట కప్పు లేదు గదా."

అవ్వ నియమంలో ఎక్కడా చిల్లు లేదు. ఆ పిల్ల దాన్ని చెడగొట్టలేదు, పూర్తిగా పాటించింది.

ఆ గాలిలో వాళ్లిద్దరూ గుసగుసలాడుకోవడం కుదరలేదు. ఒకరి మాట ఒకరికి అందాలంటే అరవాలి. ఇన్నాళ్లూ దాచుకున్న మాటలు కాలవ రెండు గట్లకూ వినపడ్డాయి. మస్తానయ్య చరిత్ర ఆపేశాడు. మాస్టారు మర్యాదగా తల తిప్పుకున్నారు, చెవి మాత్రం అటే ఉంచారు.

"రెండు రోజులు రైల్లో పోవాల! ఆడ మన మాట మాట్లాడేవాళ్లుండరు!" అని రమణ.

"మీరుండరా?"

"చలి ఎక్కువంట!"

"దుప్పటి కొనండి!"

"మీ అవ్వ ఏమంటాదో!"

"అవ్వ వచ్చేది లేదు గదా! నన్నడగండి!"

నేను అవ్వ వైపు ఓరగా చూశాను. సోడాసీసాను గట్టిగా పట్టుకుని ఉంది.

"సరే, నిన్నే అడగతుండా! వస్తావా?"

ఆ కాలవ మీద వాన ఎవరో పిలిచినట్టు వస్తుంది, తలుపు వేసినట్టు పోతుంది. అలాగే పోయింది. గూటి మీద చప్పుడు ఒక్కసారిగా ఆగింది. ఆ నిశ్శబ్దంలో, వాన ఇంకా ఉందనుకుని, సుగుణ గొంతెత్తి అరిచింది.

"వస్తా!"

గట్టు మీద కొంగ ఒకటి లేచి ఎగిరింది. తాడు లాగుతున్న ఇద్దరూ ఆగి వెనక్కి చూశారు. రమణ తడిసిన కోడిలా నిలబడి నవ్వుతున్నాడు. సుగుణ చేతులతో మొహం కప్పుకుంది.

అవ్వ సీసా కింద పెట్టి అంది, "ఒరే మస్తానా, చూస్తుండావేంది? ఆ ఇద్దరికీ తుడుచుకునే దానికి గుడ్డియ్యి."

రేవుకు చేరేసరికి దీపాల వేళ అయింది. గూడూరుకు బస్సు లేదు. వాకాడు సత్రంలో ఆడవాళ్లకు ఒక గది దొరికింది, నేను అరుగు మీద నడుం వాల్చాను. రమణ సత్రం కప్పు కిందికి రానని పడవలోనే, అదీ బయలు వైపు పడుకున్నాడు. పొద్దున మొదటి బస్సుకు తుమ్ముకుంటూ వచ్చి, గోచీ కట్టుకున్న పెద్దాయన పక్కన, మాకు అయిదు వరసల వెనక నిలబడ్డాడు. బస్సుకూ కప్పుందని అవ్వకు తట్టలేదో, తట్టినా ఊరుకుందో, నేను అడగలేదు. గూడూరు జంక్షన్లో వాడు మద్రాసు బండెక్కాడు. సుగుణ ప్లాట్‌ఫారం మీద నిలబడి బండి కనుమరుగయ్యేదాకా చూసింది. అవ్వ తొందరపెట్టలేదు.

దుగరాజపట్నం చూడదగ్గదేనా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది. పట్నం కోసమైతే అక్కర్లేదు. కాలవ కోసం, కదలనట్టు కదిలే ఆ పడవ కోసం, వాన వెలిసిన తరవాత నీళ్ల మీద పరుచుకునే వెలుగు కోసం పోండి. చెప్పాల్సిన మాట ఉన్నవాళ్లు తప్పకుండా పోండి. సోడాలు కూడా మంచివే.

నెల్లూరు బండిలో అవ్వ మనుబోలు దాటేదాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. తరవాత నా మోచేయి పొడిచింది.

"ఒరే, ఆ ఊళ్లో మన మొలగొలుకుల బియ్యం దొరకతాయంటనా?"

"ఆ పక్కంతా గోధుమలంట అత్తా. రొట్టెలు తింటారు."

అవ్వ చాలా బాధపడింది. "రొట్టెలు తిని పిల్ల ఎట్ట బతకతాది?"

"బతకతానవ్వా," అంది సుగుణ.

అవ్వ మనవరాలి మొహంలోకి కాసేపు చూసింది. ఇంకా పూర్తిగా ఆరని ఆ పిల్ల జడను చేతిలోకి తీసుకుని, ముడి విప్పి, వేళ్లతో చిక్కు తీయసాగింది.

"బతకతావు లేవే, నాకు తెల్సు. అయినా బియ్యం తీసకపో."