ఇద్దరే ఉండాల్సిన గది

మా ఆడపడుచుని కోర్టులో అందరూ 'అభ్యంతరమ్మ' అంటారు. పూటకి పది అభ్యంతరాలు చెప్పకపోతే ఆవిడకి టీ కూడా సయించదు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. వాళ్లన్నయ్య, అంటే మా ఆయన, పోయాక, టైపు వచ్చు కదా అని నన్ను తన ఆఫీసులో కూర్చోబెట్టింది. ఆఫీసంటే ఎక్కడో కాదు, మా ఇంటి ముందుగదే. పదకొండేళ్లుగా ఆ గదిలో ఆవిడ వకీలు, నేను గుమాస్తా. వంటింట్లోకి వస్తే మాత్రం నేను వదినని, ఆవిడ నోరెత్తడానికి వీల్లేదు.

అప్పుడు మా చేతిలో ఒక ప్రెస్సు పనివాడి కేసుంది. వాళ్ల వీధిలో ఒకతన్ని పోలీసులు విచారణకని తీసుకెళ్లి మూడు నెలలైనా ఇంటికి పంపలేదు. 'మా మనిషి ఎక్కడ?' అని ఎవరో కరపత్రం రాశారు, ఇతను అచ్చు వేశాడు. ఇతన్ని జైల్లో పెట్టారు. అచ్చు వేసినవాడు దొరికాడు గానీ రాసిందెవరో వాళ్లకి తేలలేదు. తేలితే ఆ మనిషికి ఇంతకంటే గట్టి కేసు. ఇతనికి వెనకా ముందూ ఉన్నది ఒక్క అక్క. బళ్లో పాఠాలు చెబుతుంది. రోజూ బడి వదలగానే మా బెంచీ చివర కూర్చుని, "తమ్ముడి సంగతి ఏమైనా తెలిసిందా అండీ?" అని అడిగి వెళ్లేది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం, మా బెయిలు పిటిషనుకి సర్కారు వకీలు ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. కాగితాలొస్తే పేజీ పేజీకీ 'అందింది' అని ముద్ర కొట్టి, తేదీ వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టడం నా అలవాటు. చదవను, కొట్టుకుంటూ పోతానంతే. జవాబు పన్నెండు పేజీలని పైన రాసుంది. నా ముద్ర పద్నాలుగుసార్లు పడింది. ఇదేం లెక్కరా నాయనా అని చివరి రెండూ తీసి చూశాను.

ఇద్దరు మాట్లాడుకున్న మాటలవి. పక్కన నిమిషాలు కూడా వేసి టైపు చేశారు. 'దగ్గు తగ్గిందా?' అని ఒకరు. 'పర్లేదు మేడమ్' అని ఇంకొకరు. 'నీ పుణ్యం ఉంటుంది, మెల్లిగా మాట్లాడు' అని మళ్లీ మొదటివాళ్లు. అక్కడ ఆగిపోయాను. ఆ మాట రోజుకి ఇరవైసార్లు వింటాను నేను. మంగళవారం జైల్లో, వకీలుకీ కక్షిదారుకీ తప్ప మూడో మనిషికి చోటు లేని గదిలో, మా పిల్ల, అదే మా ఆడపడుచు, అన్న మాట అది. దానికింద లైను ఇది. 'రాసింది అక్కే మేడమ్. చంపినా నేను చెప్పను. మీరూ చెప్పకండి.'

అవతలివాళ్ల కాగితాలు రెండు మన కట్టలో వచ్చాయని కేకేసి పిలిచాను. వచ్చింది. "ఎంతవరకూ చదివావు వదినా?"

"మొత్తం."

"నాకు చూపించకు. అవతలివాళ్ల కాగితం పొరపాటున మనకొస్తే చదవకూడదు. వెంటనే వాళ్లకి చెప్పాలి. మా వృత్తి నియమం."

"నీ నియమం తగలెయ్య! అందులో నీ గొంతే ఉంది తల్లీ! వాళ్లు ఆ గదిలో చెవి పెట్టారు!"

అలాగే కుర్చీలో కూలబడింది. మొహం పాలిపోయింది. కాసేపటికి లేచి, అంత భయంలోనూ ఫోనెత్తి వాళ్లకే చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. దొంగే మన ఇంట్లో సంచి మర్చిపోతే, పిలిచి మరీ ఇస్తారా ఎవరైనా?

అరగంటలో సర్కారు వకీలు స్వయంగా దిగాడు. ఆయనా మా పిల్లా ఒకే సీనియరు దగ్గర పని నేర్చుకున్నారు. గొంతు పెంచడు, అందుకే 'మెత్తనయ్య' అంటారు. చెప్పులు విప్పి, నాకు నమస్కారం పెట్టి మరీ కూర్చున్నాడు.

"ఆ రెండూ ఇచ్చెయ్ చెల్లెమ్మా. మావాళ్ల పొరపాటు."

"పొరపాటు పంపడంలోనా, వినడంలోనా అన్నయ్యా? వకీలుతో ఖైదీ చెప్పుకునే మాట మీరెలా వింటారు? ఆ మాత్రం హక్కు కూడా లేకపోతే ఇంక కోర్టెందుకు, మనం ఎందుకు?"

"నేను వినమనలేదు. ఫైల్లోకి వచ్చింది."

"వచ్చిందని తెలిసి ఉంచుకున్నావా? అదే తప్పు. కవర్లో పెట్టి సీలు వేస్తాను, ఇద్దరం సంతకం చేద్దాం. సోమవారం జడ్జిగారి చేతికే ఇస్తాను."

ఆయన నవ్వాడు. "ఇవ్వు. జడ్జిగారు ఒక్కటే అడుగుతారు, ఇవి మీ మాటలేనా అని. అవునంటే అక్క పేరు నీ నోటితో రుజువైనట్టే. కాదంటే నీ ఫిర్యాదు గాలికి పోయినట్టే. నీకు అబద్ధం రాదు కూడా, పాపం." చెప్పులు తొడుక్కుంటూ నావైపు తిరిగాడు. "ప్రతి పేజీమీదా మీ సంతకముంది అక్కయ్యగారూ. సర్కారు రహస్యం చదివినవాళ్లలో మీరే మొదటివారు. ఆరోగ్యం జాగ్రత్త."

ఆయన వెళ్లగానే గుమ్మం గొళ్లెం పెట్టాను. ఆ సాయంత్రం ఆ అక్క వచ్చి బెంచీమీద కూర్చుంది. నేను తలెత్తలేదు. ఎత్తితే నా మొహం చూసి కనిపెట్టేస్తుందని భయం.

సోమవారం జడ్జిగారు తన గదిలోనే విన్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన కవరు చించి, చదివి, కళ్లద్దాలు తీశారు. "ఇవి మీ మాటలేనా అమ్మా?"

"ఆ జవాబు నాది కాదండీ, నా కక్షిదారుది. అతని అనుమతి లేకుండా అవుననలేను, కాదనలేను. ఈ కాగితం ఎలా పుట్టిందో వాళ్లని అడగండి."

"మా ఆఫీసుకి తెలియదండీ," అన్నాడు మెత్తనయ్య, మెత్తగానే.

జడ్జిగారు కాగితాల్ని సొరుగులో పెట్టి తాళం వేశారు. పది రోజుల తర్వాత తేలుస్తానన్నారు. బెయిలు కూడా అప్పుడే. అప్పటిదాకా ఈ కాగితాల సంగతి ఇరుపక్షాలూ ఎవరితోనూ, కక్షిదారుతో సహా, ఒక్క ముక్క అనకూడదని ఆర్డరు రాశారు.

"అంటే గది సంగతి అతనికి చెప్పకూడదా?" అన్నాను మెట్లమీద.

"చెప్పకూడదు. చెప్పడానికైనా ఆ గది తప్ప వేరే చోటేదీ వదినా?"

ఎప్పటిలా మంగళవారం జైలుకి వెళ్లకపోతే అతను కంగారుపడతాడు. వెళ్తే ఏం మాట్లాడాలో తెలీదు. "ఈసారి నువ్వూ రా, ప్రత్యేకంగా అడిగి గుమాస్తాగా నీకు పాసు తీసుకుంటాను," అంది. పదకొండేళ్లలో ఆవిడ నన్ను తోడు రమ్మనడం అదే మొదలు.

చిన్న గది. బల్ల, రెండు కుర్చీలు, నాకని వేసిన ఇంకొకటి, పైన ఒక ఫ్యాను, గోడకి స్విచ్చుల పెట్టె. వాళ్ల చెవి అందులోనే ఉందేమో అని నేను ఆ పెట్టెనే చూస్తూ కూర్చున్నాను. అతన్ని తీసుకొచ్చి తలుపు వేశారు. కూర్చోగానే ముందుకు వంగి గుసగుసగా అడిగాడు. "అక్క సంగతి ఎవరికీ తెలియలేదుగా మేడమ్?"

తెలియలేదంటే, తెలియడానికి అక్కది ఏదో ఉందని ఒప్పుకున్నట్టే. తెలిసిందంటే ఇంకా ఘోరం. మా పిల్ల, "ఆ మాట వద్దు. ఒంట్లో ఎలా ఉంది?" అంది. ఆ గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"వద్దంటారేంటి? ఏమైంది?"

"నేనేమీ చెప్పలేను."

అతను నా మొహం చూశాడు. మనసులోది మొహంలో కనపడకుండా దాచుకోవడం నాకు ఈ జన్మలో రాలేదు. "పట్టుకున్నారా? అక్కని పట్టుకున్నారా?"

కాదు నాయనా, ఇంట్లోనే ఉంది, నిన్న సాయంత్రం కూడా వచ్చి కూర్చుంది అని అరవాలనిపించింది. ఆ ఒక్క మాటకి అతని ప్రాణం కుదుటపడేది. కానీ ఆ మాట ఎవరి చెవిలో పడుతుందో, దాన్ని ఏమని టైపు చేస్తారో ఎవరికి తెలుసు? నోరు నొక్కుకుని కూర్చున్నాను. మా పిల్ల బల్ల కింద నా చెయ్యి నలిపేస్తోంది.

అతను లేచి నిలబడ్డాడు. "మా అక్కకేం సంబంధం లేదు! రాసింది నేనే. నేనే రాశాను, నేనే అచ్చు వేశాను. రాసుకోండి!"

మా పిల్ల గబుక్కున లేచి అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అప్పటికే ఆ మాట ఆ గదిలో పెట్టిన చెవిలో పడిపోయింది. అతను ఆ చెయ్యి తీసేసి, అవతలి పక్షం మనిషిని చూసినట్టు చూశాడు ఆవిడని.

"ఇదేగా మీకు కావాల్సింది? సరిపోయిందా మేడమ్?"

మా ఆడపడుచు అప్పుడు కూడా నోరు విప్పలేకపోయింది.