మాలలో ఉన్నవాడి గురించి చెప్పని మాట

ఒక మాటను గొంతులో పెట్టుకుని ఇన్నేళ్లు తిరిగాను. మింగుడు పడలేదు, కక్కనూ లేకపోయాను. నన్ను ఎరిగినవాళ్లు ఇది వింటే నవ్వుతారు. మా వాడకట్టులో నేను నోరున్న మనిషిని. నల్లా దగ్గర పంచాయితీ అయినా, దవాఖానలో పేషెంటు తరఫువాళ్లు మీదికొచ్చినా నన్నే ముందుకు తోస్తారు. అట్లాంటి నేను, నోరు తెరిచి నిజం చెప్పాల్సిన ఒకే ఒక్క రోజున, చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పడం కొంచెం సులువు. చెప్పవలసినవాళ్లకు ఈమధ్యే చెప్పాను లెండి, ఆ సంగతి తర్వాత వస్తుంది. పేర్లు మాత్రం మార్చాను.

నేను నర్సును. గోదావరిఖనిలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో చేసేదాన్ని. ఇప్పుడది మానేసి ట్రైనింగులు ఇస్తున్నాను, కొత్త నర్సులకూ ఆశా వర్కర్లకూ. తాగుడు మానాలనుకునే మనిషితో ఎట్లా మాట్లాడాలి, సెలవు మీద వచ్చిన జవాను ఇంట్లో పైకి కనపడకుండా ఏమేం నలుగుతుంటాయి, అతని భార్యను ఏమడగాలి, ఏది అడగకుండా వినాలి, ఇవీ నేను చెప్పే పాఠాలు. పిల్లలు నన్ను మేడం మేడం అంటారు. ఆ పిలుపుకు నాకు లోపల చురుక్కుమనేది.

ఆ రోజుల్లో మా పక్కింట్లో మల్లమ్మ చిన్నమ్మ ఉండేది. ఆమె భర్త బొగ్గుబాయిలో పని చేసేవాడు, అప్పటికే చనిపోయాడు. కొడుకు రాజేశం మిలిటరీలో, కోడలు స్వరూప ఇక్కడే అత్త దగ్గర. రాజేశం సెలవు మీద వచ్చాడంటే వాడకట్టుకు పండుగే. మిలిటరీ మందు తెస్తాడు కదా. ఫస్టు షిఫ్టు దిగి కొందరు, సెకండు షిఫ్టుకు పోయే ముందు కొందరు, బార్డర్ ముచ్చట్లు చెప్పమంటూ చేరేవారు. ముచ్చట్లు ఎవరికి కావాలి. ఆ ఏడాది తెచ్చిన సీసాలు అయిపోయినా రాజేశం తాగుడు మాత్రం ఆగలేదు. పొద్దున లేవగానే చేతులు వణికేవి. ఒక గుక్క లోపల పడితేగానీ చాయ్ గ్లాసు పట్టుకోలేకపోయేవాడు. స్వరూప నాకు చెప్పుకుని ఏడ్చింది. ఇంకెవరికీ చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది. పైవాళ్లకు తెలిస్తే నౌకరి పోతుందని ఆమె భయం.

నేను అప్పుడే కరీంనగర్‌లో తాగుడు మాన్పించే ట్రైనింగు ఒకటి చేసి వచ్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, అట్లా ఉండేది నా పని. కనపడిన ప్రతివాడినీ బాగుచేసేద్దామని ఆరాటం. ఆ ట్రైనింగులో ఒక డాక్టరు మరీ మరీ చెప్పాడు. పొద్దున్నుంచే తాగే మనిషితో ఒక్కసారిగా మాన్పించొద్దు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి రావచ్చు, డాక్టరు చూస్తూ మందులిస్తూ మాన్పించాలి అని. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. జవాబు సరిగ్గా రాశాను.

మరి స్వరూపకు ఏం చెప్పాను? మాల వేయించమన్నాను.

ఆంజనేయస్వామి మాల. మా దగ్గర తాగుడుకు ముందుగా గుర్తొచ్చే మందు అదే. మెడలో మాల పడితే ఎంతటి తాగుబోతైనా మండలం నిండేదాకా సీసా ముట్టడు. మా నాయిన ఏటా వేసుకునేవాడు, ఆయనకేమీ కాలేదు. కానీ మా నాయిన తాగింది పండుగకూ పబ్బానికీ. రాజేశం తాగేది కళ్లు తెరిచింది మొదలు. ఈ తేడా నాకు తెలియదా? తెలుసు. కరీంనగర్‌లో తెలుసు, మా ఇంటి గడప తొక్కేసరికి తెలియలేదు. క్లాసులో విన్నది వేరే ఎవరి గురించో అనుకున్నాను, మనవాళ్ల గురించి కాదనుకున్నాను. ఒక మాట స్పష్టంగా చెప్పాలి, తప్పు మాలది కాదు. మాల వేసుకునే ముందు డాక్టరుకు చూపించు అనే ముక్క నేను అనలేదు. తప్పు అక్కడుంది.

రాజేశం కాషాయం కట్టాడు. నిన్నటిదాకా అన్నా అన్నవాళ్లు స్వామీ అన్నారు. మర్నాటికి ఒళ్లంతా చెమటలు, కంటి మీద కునుకు లేదు. దేవుడు పరీక్ష పెడుతున్నాడని చిన్నమ్మ అంటే నేనూ తలూపాను. ఆ తర్వాతి పొద్దున పూజలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పడిపోయి కొట్టుకున్నాడు. నోట్లో నురుగు, తేలిపోయిన కళ్లు. దొరికిన బండిలో వేసుకుని కరీంనగర్ పోయాం. నర్సువు నువ్వూ రమ్మని నన్ను వెంట తీసుకుపోయారు.

అక్కడి డాక్టరు అన్నీ అడిగి, చివరికి అన్నాడు. "మందు అలవాటుందా ఈయనకి?"

"శివ శివ. మాలల ఉన్న స్వామిని పట్టుకొని గదేం మాట సారు," అని చిన్నమ్మ చెంపలేసుకుంది.

స్వరూప నావైపు చూసింది. డాక్టరు కూడా నావైపే తిరిగాడు. "మీరు నర్సు కదమ్మా, మీరు చెప్పండి. తాగుతాడా?"

"లేదు సార్," అన్నాను.

అంతే. ఆ రెండు మాటలే.

ఎందుకన్నాను? ఈ ప్రశ్నకు చాలా ఏళ్లు నా దగ్గర మంచి మంచి జవాబులుండేవి. మాలలో ఉన్నవాణ్ని తాగుబోతు అనడానికి నాలుక తిరగలేదు. స్వరూప చేతిలో చెయ్యి వేశాను. అతని నౌకరి పోతుందని భయపడ్డాను. ఇవన్నీ నిజాలే, కాదనను. కానీ అసలు సంగతి వీటి వెనక దాక్కుని ఉంది. తాగుతాడు అని నేను ఒప్పుకుంటే డాక్టరు ఎప్పుడు మానేశాడని అడుగుతాడు, ఆ వెంటనే ఎవరు మాన్పించారని అడుగుతాడు, అప్పుడు అందరి కళ్లూ నా మీదికి తిరుగుతాయి. ట్రైనింగు చేసొచ్చిన నర్సు ఇంత తెలివితక్కువ పని చేసిందా అంటాడు. నా భయం అది. దేవుడి పేరూ స్నేహం పేరూ పెట్టి నన్ను నేను కాపాడుకున్నాను. ఛీ, ఇప్పుడు రాస్తుంటే కూడా నా మీద నాకు అసహ్యమేస్తోంది.

డాక్టరు ఫిట్స్ జబ్బని రాసి గోళీలిచ్చాడు. ఆ కాగితాలతోనే రాజేశం డ్యూటీకి పోయాడు. అక్కడ అడిగినా తాగుడు సంగతి అతను మాత్రం ఎట్లా చెబుతాడు? కొన్నాళ్లకు అన్‌ఫిట్ అని ఇంటికి పంపేశారు. మా బొగ్గుబాయి ఊళ్లలో అన్‌ఫిట్ అంటే మిఠాయిలు పంచుతారు, తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కు నౌకరి వస్తుంది గనక. రాజేశం అన్‌ఫిట్ అయితే ఎవరికేమొచ్చింది? మంచిర్యాల పక్కన జైపూర్ వైపు ఒక గోదాము గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. బండి నడపనివ్వరు, చెరువు దగ్గరికి పోనివ్వరు. భయంతో తాగుడు ముట్టలేదు. ఫిట్స్ మళ్లీ ఎన్నడూ రాలేదు. గోళీలు మాత్రం మింగుతూనే ఉన్నాడు.

స్వరూప గతి ఇంకా అన్యాయం. మాలలో ఉన్న స్వామి పడిపోయాడంటే ఇంట్లో అపచారం జరిగి ఉండాలి, ఇంట్లో ఉన్నది కోడలు. ముట్టుతోని వండిపెట్టింది, అందుకే గిట్లయింది అని ఎవరో అన్నారు, చిన్నమ్మ అదే పట్టుకుంది. ఆమె బతికున్నన్నాళ్లూ ఆ మాట వదల్లేదు. ఏటా వాళ్లింట్లో మాల వేసుకున్న స్వాములకు భిక్ష పెడతారు, వాడకట్టంతా భోజనానికి పోతుంది. స్వరూప పెరట్లో అంట్లు తోముతుంది. వడ్డన ముట్టనివ్వరు. తన ఇంట్లో, తన మొగుడి పేరు మీద పెట్టే అన్నం. నేను ఏటా పోయి, పంక్తిలో కూర్చుని, తిని వచ్చేదాన్ని. తిన్నది అరిగేది కూడా.

ఇంకా సిగ్గుమాలిన పని ఒకటుంది. నా ట్రైనింగుల్లో ఈ కథనే పాఠంగా చెప్పేదాన్ని. ఒక ఊళ్లో ఒక నర్సు ఇట్లా చేసింది, మీరు చేయకండి, అని. పిల్లలు అయ్యో అనేవారు. నేనూ వాళ్లతోపాటు ఆ నర్సును తిట్టేదాన్ని. అట్లా చెబితే బరువు కొంత దిగుతుందనుకున్నానేమో. దిగలేదు. ఈమధ్య మంచిర్యాలలో ఒక బ్యాచికి ఇదే చెబుతుంటే, శ్రీరాంపూర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచింది. ఆమె మొగుడూ జవానే.

"ఆ నర్సు తర్వాత పోయి ఆ ఇంటోళ్లకు చెప్పిందా మేడం?" అని అడిగింది.

ఎప్పటిలాగా ఏదో చెప్పి దాటేయవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల మొహం చూశాక నాకు ఆ ఓపిక లేకపోయింది. ఆ నర్సు నేనే, ఇంకా చెప్పలేదు అన్నాను. "మరి పోండి మేడం," అన్నది ఆ అమ్మాయి, నాకు దారి చెబుతున్నట్టు మామూలుగా.

పోయాను. చిన్నమ్మ అప్పటికే లేదు. స్వరూప వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. కూర్చోమనేలోపే మొత్తం చెప్పేశాను. మాల వేయించమని చెప్పింది నేనే కదా, అప్పుడే డాక్టరుకు చూపించమని చెప్పాల్సింది, చెప్పలేదు. తాగుడు ఒక్కసారే బందు పెడితే అట్లయితదని నాకు ఎరుకే. నా తప్పు బయటపడొద్దనే కరీంనగర్‌లో డాక్టరు అడిగితే అబద్ధం ఆడాను. నీదేం తప్పు లేదు.

ఆమె తడి చీరను పట్టుకుని అట్లాగే నిలబడింది. తిడుతుందనుకున్నాను.

"నాకు ఆ పొద్దుటికే ముట్టైంది అక్కా," అన్నది. "పూజ అయ్యేదాక దాసిన. ఎవ్వలకు చెప్పలే. నా మొగని బతుకు నేనే ఆగం చేసిన అనుకున్న ఇన్నేండ్లు."

అందరూ వేసిన నిందను ఆమె కూడా నమ్మిందని, ఒంటరిగా మోసిందని నేను ఊహించనైనా లేదు. నా ఒక్క మాటతో పోయేది అది.

"మా అత్త ఉండంగ చెప్పకపోతివి," అన్నది. తర్వాత కోపమొచ్చింది ఆమెకు. "నా చెవిల చెప్తే ఏం ఫాయిదా? అంటే అందరే అన్నరు. అందరు తినేకాడ చెప్పు."

రాజేశానికి ఆమే చెప్పింది. అతను నన్ను అడిగింది ఒక్కటే, గోళీలు బందు చేయాలా అని. నీ అంతట నువ్వు బందు చేయకు, డాక్టరు దగ్గరికి పోయి ఈసారి అన్నీ నిజం చెప్పు అన్నాను. పోయొచ్చాడు. పరీక్షలు చేసి చూద్దామన్నారట.

భిక్ష రోజు స్వాములు తిని లేచాక ఆడవాళ్ల పంక్తి కూర్చుంది. నా ముందూ విస్తరి వేశారు. లేచి నిలబడి చెప్పాను. మాల మాటా, ఫిట్స్ మాటా, డాక్టరుతో ఆడిన అబద్ధమూ, స్వరూప మీద పడిన నిందా, అన్నీ. గిప్పుడెందుకమ్మా ఆ ముచ్చట అని ఒక ముసలామె గొణిగింది. నేను కూర్చున్నాను. చెప్పేశాను అన్న మాట ఒక్కటే లోపల తిరిగింది. ఊపిరి పూర్తిగా లోపలికి పోతోంది, అది నాకు వింతగా ఉంది.

స్వరూప అంట్ల దగ్గర నుంచి లేచింది. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చి, అన్నం గిన్నె అందుకుంది. ఎవరూ వద్దనలేదు. ఒక్కొక్కరికీ వడ్డిస్తూ వచ్చింది. నా విస్తరి దగ్గర ఒక్క క్షణం ఆగింది. నన్ను దాటి పక్కామెకు పెట్టింది. పంక్తి చివరిదాకా పోయింది, వెనక్కి రాలేదు.

అందరూ తింటున్నారు. నేను ఖాళీ విస్తరి ముందు కూర్చున్నాను. ఆకలవుతోంది, సిగ్గుగానూ ఉంది. అయినా లేచిపోవాలనిపించలేదు. ఆ ఇంట్లో నేను భయం లేకుండా కూర్చున్నది ఇన్నేళ్లలో ఆ పూటే.