నాలుగో అంకె

సురేందర్‌ది నర్సింహులపేట దగ్గరి తండా. నాట్లప్పుడు తల్లి సోమ్లీకి సాయంగా వెళ్లేవాడు; మిగతా రోజుల్లో జనగామలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాడు. పీహెచ్‌డీకి చేరి ఐదేళ్లు దాటింది. తాను కాగితం మీద గీసిన లెక్కల యంత్రం తన తప్పుల నుంచి నేర్చుకుంటుందని అక్టోబరు ఆఖరుకల్లా చూపకపోతే నమోదు రద్దవుతుందని గైడు చెప్పాడు.

అది 2011. సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. భూపాలపల్లి బొగ్గు గనులు ఆగాక కరెంటు కోతలు పెరిగాయి. కాలేజీకి తాళం పడింది. సురేందర్ కాగితాలు, కాలిక్యులేటరు పట్టుకొని దీక్షా శిబిరంలో కూర్చునేవాడు.

"నువ్వు సమ్మెల ఉన్నవా, లెక్కల ఉన్నవా?" అంది కళావతి. అదే కాలేజీలో గణితం చెబుతుంది. వాళ్లది ధాన్యం కొట్టు.

"నా పనే గిది, అక్కా. అక్షరాలు చదువుకుంట ఒక గదిలకెల్లి ఇంకో గదిలకు దుంకే యంత్రం. గదులంటే కాయితం మీదియే. పాత తీరు యంత్రమైతే ఎప్పుడన్న ఒక్క గదిలనే ఉంటది. తప్పు చేస్తే తప్పని తెలుస్తది గని, ఎటు మార్చాల్నో తెల్వది. నాది ఒక దాంట్ల ముప్పావు, ఇంకో దాంట్ల పావు ఉంటది. ఏ గదిలకెల్లి ఏ గదిలకు ఎంత పోవాల్నో రాసిన పట్టికల అంకెను జరంత జరిపితే తప్పు ఎంత తగ్గిందో కనవడాలె."

"అంటే సమ్మెల ముప్పావు ఉన్నవన్నట్టు. ఇటియ్యి, మొత్తాలు నేను కడత."

పది రోజులు కట్టారు. పట్టికలో ఏ అంకెను ఎటు జరిపినా తప్పు 0.42 దగ్గరే ఉంది. ఐదేళ్ల పద్ధతే పనికిరాదేమో అనుకున్నాడు సురేందర్. పదకొండో రోజు ఆమె కట్టిన మొత్తం ఒకటి తనే మళ్లీ కట్టి చూశాడు.

"అక్కా, పాయింటు తర్వాత రెండే ఉన్నయి. మిగిలిన అంకెలేవి?"

"తీసేసిన. బస్తా తూకంల గ్రాములెవరు చూస్తరు?"

"నా యంత్రం చూసేటియి గా గ్రాములే."

ఆమె కాగితాల కట్టను ముందుకు లాక్కుంది. "ముందుగాల చెప్పొద్దా? అన్నీ మళ్ల కట్టాలె గదా."

"కట్టాలె."

మొదటి కాగితం తీశారు. నాలుగు అంకెల దాకా ఉంచితే 0.4213. ఒక అంకెను కాస్త జరిపాక 0.4207. కళావతి దాని కింద గీత గీసింది. సమ్మె ఆగే రోజుకు తప్పు 0.2986కు దిగింది.

వరంగల్‌లో గైడు కాగితాలు తిరగేశాడు. "ఇదంతా చేత్తోనేనా?"

"కరెంటు లేదు సార్."

ఆయన మధ్యలో ఒక వరుస ఎంచుకొని, సొరుగులోంచి కాలిక్యులేటరు తీసి, నాలుగో అంకె దాకా తనే కట్టాడు. సరిపోయింది.

"ఆరు నెలలు పొడిగిస్తున్న. అప్పటికి కంప్యూటరు మీద చూపియ్యాలె" అని సంతకం పెట్టాడు.