చివరి జాయింటు

మా బావకు కుర్చీ అంటే పడదు. అన్నం కూడా నిలబడే తినేస్తాడు. "కాలు కాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు!" అని మా అక్క ఎన్నిసార్లు అరిచినా వినడు. వెల్డింగ్ చేసేటప్పుడు మాత్రం ఊపిరి కూడా మెల్లగా తీస్తాడు. నేను ఫిట్టర్ని. పైపులు సరిచేస్తూ ఆయన పక్కనే ఉంటాను కాబట్టి చెబుతున్నాను, ఆ చేతికి వంక పెట్టడం కష్టం.

అలాంటిది, ఆయన అతికిన నీళ్ళ పైపు ఏడాది తిరక్కుండానే కారింది. మనిషి దూరేంత పైపు. మామూలు ఇనుము కాదు, తుప్పు పట్టదని తెప్పించిన ఖరీదైన మిశ్రలోహం. చివరి జాయింటు పక్కన సూదిమొనంత రంధ్రం పడింది. ఇంజనీరు ఆ ముక్క కోయించి ల్యాబుకు పంపాడు. వెల్డు చెడ్డదని తేలితే బావను ఇక వెల్డింగ్ టార్చి ముట్టుకోనివ్వరు. ఆ వారమంతా ఆయన ఇంట్లో నిలవలేదు, బయటా నిలవలేదు. చూసి చూసి నాకే తల తిరిగింది.

రిపోర్టు రాగానే ఇంజనీరు అందరినీ పిలిచాడు.

"వెల్డు బంగారంలా ఉంది. ఇది బ్యాక్టీరియా పని. వెల్డింగ్ వేడికి పక్కన నీలిరంగు పొర వస్తుంది కదా, అక్కడ లోహం బలహీనపడుతుంది. యాసిడ్ పేస్టు పూసి కడిగేస్తే మళ్ళీ తట్టుకుంటుంది. ఈ జాయింటు లోపల సరిగా కడగలేదు. నీళ్ళలో ఉండే బ్యాక్టీరియా జిగురులా పట్టుకుని, దాని కిందే తొలిచేసింది. కడిగినవన్నీ బాగానే ఉన్నాయి."

సంతోషం పట్టలేక బావ వీపు చరిచాను. ఆయన కదల్లేదు. అప్పుడు వెలిగింది నాకు. జాయింట్లు కడిగేది నా మేనకోడలు. పట్టుబట్టి ఆ పనిలో పెట్టించింది బావే.

"ఇంకోసారి చూడండి సార్," అన్నాడు బావ. "ఆ రోజు నా చెయ్యి వణికింది. తప్పు వెల్డులోనే ఉండొచ్చు."

తన చేతిపనంటే అంత పొగరున్న మనిషి!

వెనక నిలబడ్డ మేనకోడలు ముందుకొచ్చింది. "నాన్న చెయ్యేం వణకలేదు సార్. పేస్టు అయిపోయింది. చివరిదే కదా, లోపల ఎవరు చూస్తారులే అని గుడ్డతో తుడిచి వదిలేశాను."

ఇంజనీరు ఏదో అనబోయాడు. అంతలో బావ పక్కనున్న పైపు మీద కూలబడ్డాడు. కూతురు వచ్చి ఆయన ముందు తలొంచుకు నిలబడింది. ఆయన కాస్త పక్కకు జరిగి దానికి చోటిచ్చాడు.